తడి గోతాలు

రాత్రి పదకొండింటికి ఫోను.
"మేడం, ఏటుకూరు బైపాస్ మీద లారీ ఆగింది,
లోపల చిరుత ఉందంట!"
యేసుపాదం గొంతులో భయం కంటే సంబరమే ఎక్కువ.

ఇరవై రెండేళ్లుగా నావి గేదెలు.
పొదుగు వాపులు, కడుపు ఉబ్బరాలు, మాయ పడని ఈతలు,
మోచేతి దాకా చెయ్యి పెట్టి
అడ్డం తిరిగిన దూడని సరిచేసి లాగడాలు.
పులి అంటే నాకు పరీక్షలో పది మార్కుల ప్రశ్న.
అదీ ఛాయిస్‌లో వదిలేశాను.

వెళ్లి చూస్తే చిరుత కాదు, చీతా.
నిండు చుక్కలు. ఎండిన కుక్కకున్నంత నడుము.
కళ్ల మూలల నుంచి నోటి దాకా రెండు నల్ల గీతలు.
"ఏడ్చిందా మేడం?"
"పుట్టుకే అంత" అన్నాను,
పుస్తకం గుర్తొచ్చిన మేరకి.

కాగితాల మీద దాని పేరు ఎఫ్-నాలుగు.
వెంట వచ్చిన సెల్వం మాత్రం "కుట్టీ" అంటాడు.
తమిళంలో తెలుగు కలుపుకుంటూ చెప్పాడు:
పన్నెండేళ్లు. కిడ్నీలు చెడ్డాయి.
విశాఖ తీసుకెళ్తున్నాం.
ఒంగోలు దాటినప్పటి నుంచి నీళ్లు ముట్టలేదు.
బోనులోనే పుట్టింది మేడం,
ఒక్కసారి కూడా పూర్తిగా పరిగెత్తలేదు.
ఆ చివరి మాట, బాకీ ఒప్పుకుంటున్నట్టు.

మే నెల. అర్ధరాత్రి కూడా రోడ్డు వేడి కక్కుతోంది.
బోను ఊచ ముట్టుకుంటే చురుక్కుమంది.
ముందు చల్లబరచాలి.
యేసుపాదం బండి మీద యార్డు దాకా పోయి
పాతిక గోతాలు తెచ్చాడు.
బకెట్లో ముంచి బోను చుట్టూ కప్పాడు.

రెండు నిమిషాలు.
లోపల్నుంచి తుమ్ము.
తల విదిలించి, ముక్కు చెక్కకి రుద్దుకుని
మళ్లీ తుమ్ము.
అప్పుడు తట్టింది నాకు. అవి మిరప గోతాలు.
మా ముక్కులు ఎప్పుడో చచ్చిపోయాయి.
ఊరి దగ్గు ఊరికి వినపడదు.
సెల్వం తిట్టాడు. భాష తెలియకపోయినా
తగలాల్సిన చోటే తగిలింది.

గోతాలు పీకి పారేశాం.
అరండల్‌పేటలో ఇంటికెళ్లి
బీరువాలో చేతికందిన నేత చీరలు ఆరు,
గంజి పెట్టిన మంగళగిరివి,
అందులో ఒకటి ప్రమోషన్ రోజు కట్టుకున్న నీలంది,
తెచ్చి, తడిపి కప్పాను.
పెళ్లి పందిరిలా ఉందని డ్రైవర్ నవ్వాడు.

ఊచల సందులోంచి తోక బయటికి లాగి
సెల్వం పట్టుకున్నాడు.
టార్చి పళ్ల మధ్య పెట్టుకుని నరం వెతికాను.
గేదె మెడ నరం పలుపు తాడంత,
కళ్లు మూసుకుని కొడతాను.
ఇది జడకుచ్చులో దారం.
ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది.
మూడోసారి సూది మొదట్లో ఎర్రగా చుక్క.
లోకంలో అన్నిటికంటే వేగంగా పరిగెత్తాల్సిన దానికి
నిమిషానికి ఇరవై చుక్కల సెలైన్.

అప్పుడు మొదలైంది ఆ చప్పుడు.
గాండ్రింపు కాదు, దాని గొంతుకి అది రాదు.
పక్కింట్లో ఎవరో రాత్రంతా కూర్చుని
కుట్టుమిషను తొక్కుతున్నట్టు,
గుర్‌ర్‌, గుర్‌ర్‌.
"హాయిగా ఉన్నట్టుందే" అన్నాడు యేసుపాదం.
సెల్వం తలూపలేదు.
"నొప్పికీ ఇదే అన్నా. భయానికీ ఇదే.
పన్నెండేళ్లయింది, ఏది ఏదో నాకూ తెలీదు."

నాలుగున్నరకి లేచి నీళ్లు తాగింది.
చప్పుడు చేస్తూ, చాలాసేపు.
మేం ముగ్గురం మాట్లాడలేదు.
వెలుగు రాకముందే లారీ విజయవాడ వైపు కదిలింది,
నా చీరలతోనే.

తొమ్మిదింటికి ఆసుపత్రిలో మొదటి గేదె.
మేత మానేసిందట.
డొక్క మీద చెయ్యేసి నిలబడ్డాను.
చూడాల్సింది చూసేశాక కూడా తియ్యలేదు.
"ఏమైందమ్మా?" అన్నాడు రైతు.
"ఏం లేదు, వింటున్నా."

నెల తర్వాత ఒక పార్సిల్.
ఉతికి, మడతపెట్టి, ఐదు చీరలు.
చీటీ లేదు.
నీలంది లేదు.
యేసుపాదం రెండుసార్లు లెక్కపెట్టాడు.