ఓఁ

సిరొంచ పోస్టాఫీసులో చిరునామా దొరక్క
మిగిలిపోయిన ఫ్రెంచి వ్యాకరణం
నా చేతికొచ్చింది.
పదకొండో పాఠం: "ఓఁ". ముక్కుతో పలకాలి.
మనమూ కావచ్చు, వాళ్ళూ కావచ్చు,
అసలు ఎవరైనా.

వంతెన కడతరట.
ఎవరు? ఓఁ.
బియ్యం రేపిస్తరట.
ఎవరు? ఓఁ.
"కోణీతరీ యేఈల్" అన్నాడు తహసీలు గుమాస్తా
కాగితం మీంచి తలెత్తకుండా.
అది మరాఠీ ఓఁ.

మనకు వేరే మాటే అక్కర్లేదు,
'ఎవరు' చివర ఓ తగిలిస్తే ఒక మనిషి,
ఊ తగిలిస్తే
ఆ మనిషీ లేడు.

ఐలక్కకు చెప్తే నవ్వింది:
"గిందుకు గూడ బుక్కు గావాల్నా, పంతులూ?"

పొద్దుగూకినంక
ప్రాణహిత అవతలి గడ్డ నుంచి
ఓ... ఓ...
పేరడగలేదు ఐలక్క.
పడవను నీళ్ళలోకి నెట్టింది.