రెండంతస్తుల మధ్య

లిఫ్టు ఆగిపోతే లోపలివాళ్లకు చెప్పాల్సిన మాట
ఇరవయ్యేళ్లుగా నాకు నోటికొచ్చు:
"గాలి ఉంది. తాడు తెగదు. నేనిక్కడే ఉన్నాను."
జమోరా ఊళ్లో ఎన్ని తలుపుల సందుల్లోంచో
ఈ మూడు ముక్కలూ లోపలికి జారవిడిచాను.

నా గొంతులో రొట్టెముక్క ఆగిన రోజు
ఆ మాట చెప్పేవాడు లేడు.

అక్టోబరు. శనగల పులుసు. మా అక్క ఒబ్దూలియా వంటగది.
సగం దిగి ఆగింది.
కిందికి పోదు, పైకి రాదు.
అందరూ ఫుట్‌బాల్ గురించి అరుచుకుంటున్నారు.
నేను నవ్వుముఖం పెట్టి
బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.
కాసేపటికి దానంతటదే దిగింది.
భయం దిగలేదు.

ఆసుపత్రిలో గొట్టం వేసి చూశారు.
ఇరుకు లేదన్నారు, గడ్డ లేదన్నారు,
రాత్రిళ్లు పులుపు ఎగదన్ని కాస్త ఎర్రబడిందట, అంతే.
"మిగతాది కంగారు" అంది డాక్టరమ్మ.
మిగతాది ఎంతో చెప్పలేదు.
పరగడుపున ఒక బిళ్ల రాసిచ్చింది.
ఆ బిళ్లే మింగలేక
సింకు ముందు పావుగంట నిలబడతానని
ఆవిడతో చెప్పడానికి నామోషీ వేసింది.

ఇప్పుడు మంచం తలాపు కింద రెండు చెక్కదిమ్మలు.
తెల్లారేసరికి జారి జారి కాళ్లవైపు చేరతాను.
కాఫీ మానేశాను. టమాటా మానేశాను.
హోటల్లో తలుపు దగ్గరి కుర్చీ నాది.
ముద్దని నలభైసార్లు నములుతాను,
అప్పటికది ముద్ద కాదు, ఒక అభిప్రాయం.
"తిను, చిక్కిపోయావు" అంటారు ప్రేమగానే.
ఆ ప్రేమ కూడా నమలాల్సిందే.

పుట్టిన గంటకే వచ్చిన విద్య,
యాభై రెండేళ్లకి మరిచిపోవచ్చని ఎవరనుకుంటారు?
గమనిస్తే చాలు, మరిచిపోతాం,
మెట్లు దిగుతూ తన కాళ్లనే చూసుకున్నవాడిలా.

డిసెంబరు ముప్పై ఒకటి.
మా దేశంలో అర్ధరాత్రి గంట పన్నెండు కొడుతుంటే
దెబ్బకొక ద్రాక్ష తినాలి,
పన్నెండూ పూర్తయితే ఏడాదంతా బాగుంటుంది.
అక్క నా వాటాకి తొక్కతీసి, గింజతీసి,
ఒక్కోటి నాలుగు ముక్కలు చేసి పెడతానంది, పసివాడికిలా.
అందుకే ఆ రాత్రి డ్యూటీ అడిగి వేయించుకున్నాను.

పదకొండూ నలభైకి ఫోను.
నది పక్క వీధి, పాత భవనం,
మూడుకీ నాలుగుకీ మధ్య ఒక ముసలావిడ.
పేరు లియోకాడియా.
"గాలి ఉంది. తాడు తెగదు. నేనిక్కడే ఉన్నాను."
"అది సరే, టైమెంతయింది?" అంది.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. పైకెళ్లి మోటారు చూడాలి.
"గంటలయ్యాక వెళ్దువుగాని" అంటూ
సందులోంచి ముడతల చెయ్యి బయటికొచ్చింది,
అరచేతిలో తడి ద్రాక్షలు.
"పోయిన మా ఆయన వాటా కూడా కొనేస్తాను, అలవాటు."

గొంతులో వెలక్కాయ పడింది నాకు.
"నేను మింగలేను" అన్నాను.
అక్కతో అనని మాట
చీకటి మెట్ల మీద, ముఖం కనబడని మనిషితో.
"మింగమని ఎవరన్నారు? నోట్లో పెట్టుకో."

గంట మొదలైంది. చర్చి గంటా, ఎవరింట్లోనో టీవీ గంటా,
ఒకదాని వెనక ఒకటి, పొంతన లేకుండా.
ఆవిడ నిండు నోటితో లెక్కపెడుతోంది.
మొదటిది కొరికాను. తియ్యన. తొక్క నాలుకకి అడ్డం.
రెండోది ఎప్పుడు దిగిందో చూడలేదు,
ఆవిడకి పొలమారింది, నేను సందులో చెయ్యి పెట్టి
"మెల్లిగా, మెల్లిగా" అంటున్నాను.

పన్నెండూ కొట్టేసరికి
నాకు మూడు దిగాయి, తొమ్మిది జేబులోకి పోయాయి.
"ఎన్ని?" అంది.
"మూడు."
"పోన్లే, మార్చి దాకా దిగుల్లేదు."

తెల్లవారుజామున ఛాతీలో మంట, పులితేన్పు, మామూలే.
లేచి కూర్చున్నాను.
కుర్చీ మీది కోటు జేబులో ద్రాక్షలు నలిగి గుడ్డకి అంటుకున్నాయి.
గాలి ఉంది, అన్నాను, లైటు వేయకుండా.
ఒకటి ఊడదీసి
ఏప్రిల్‌ని నోట్లో పెట్టుకున్నాను.
తొందరేం లేదు.