కనబడని అక్షరానికి ముప్పై రూపాయలు

ఎర్రగుంట్ల.
నోటికి నాలుగక్షరాలు.
గురవాచారి నాపరాయి మీద సుద్దతో రాస్తే నాలుగే.
కంప్యూటర్‌ని అడిగితే పది అంటుంది:
ఒత్తును ఊడదీసి, కొమ్మును ఊడదీసి,
సున్నాను పక్కన కూచోబెట్టి
చిల్లర ఏరినట్టు లెక్కేస్తుంది.

రాతి మీద పేరు చెక్కితే అక్షరానికి ముప్పై.
రోజూ బేరం తెగక
మూడేళ్ల కిందట, సిమెంటు బూడిద రాలే ఎండాకాలం
ఆ లెక్క కోసమే రాసుకున్నాను ఈ చిన్న పనిముట్టు.
ఎవరైనా వాడుకోండి, ఎవరైనా దిద్దండి అని
తలుపు తీసిపెట్టాను.
ఒకరొచ్చి ఒక కామా సరిచేసిపోయారు.
ఒకరు ఊరికే తిట్టిపోయారు.
పేరు బదులు బాతుబొమ్మ పెట్టుకున్న మనిషి ఎవరో
నిన్న రాత్రి రెండు వాక్యాలు వదిలిపోయారు:
‘బషీర్ అని టైపు చేస్తే మూడు.
అదే పేరు ఇంకో చోటి నుంచి తెచ్చి అతికిస్తే నాలుగు.’

నిజమే.
రకారప్పొల్లు వెనకాల నక్కి ఉంది ఒకటి,
వెడల్పు లేనిది,
తర్వాతి అక్షరం వచ్చి పొల్లుకు అతుక్కోకుండా
నడుమ నిలబడే కాపలాదారు.
మూడేళ్లుగా దానికీ ముప్పై వసూలు చేశాం.

ఒక్క వరుస దిద్దితే చాలు.
దిద్ది, పుష్ చెయ్యబోయి
ఆగాను.

గురవాచారి ముందు ఉలి పట్టడు.
సుద్దతో రాసి, ఇచ్చిన చీటీ మడిచి జేబులో పెట్టుకుని
పేరు గల మనిషినే చదవమంటాడు.
ఆ మనిషి తప్పును కూడా ఒప్పుగానే చదువుతాడు,
తన పేరు కదా.
అందుకే ఆ తర్వాత
దారిన పోయేవాణ్ణి పిలుస్తాడు.

టెస్టులు నడిపాను, నూట పద్నాలుగు.
పచ్చ చుక్కలు పోతూ పోతూ
తొంభై ఆరు దగ్గర ఎర్రగా ఒకటి.
కాపలాదారును తరిమేశాను కదా,
‘బషీర్‌గారు’లో గకారం పోయి పొల్లు మీద పడింది.
బషీర్గారు.
ఐదు కాస్తా నాలుగైంది.
లెక్కలో వెయ్యకూడదు,
అట్లని వెళ్లగొట్టనూ కూడదు.
ఒక వరుస మూడు వరుసలైంది.
నూట పదిహేనో టెస్టు రాసి దానికి బషీర్ అని పేరు పెట్టాను.

ఇక మిగిలింది రాత:
ఎట్లా ఎక్కించుకోవాలి, ఎట్లా నడపాలి.
నేనే రాసి నేనే చదివితే
అంతా ఒప్పులాగే ఉంది.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని
రైల్వే గేటు పక్క జిరాక్స్ అంగడికి పోయాను.
మాబుజాన్‌కు ప్రోగ్రాములు రావు.
రాకపోవడమే నాకు కావాలి.
“ఇందులో ఎట్లుంటే అట్లే చెయ్యక్కా. నన్నేమీ అడగొద్దు.”
గేటు పడింది. బొగ్గు గూడ్సు అంగడినంతా ఊపుతూ పోతోంది.
మొదటి మెట్టు. రెండో మెట్టు.
మూడో దగ్గర వేలు గాల్లో ఆగింది.
“ఈడ ‘ఆ ఫోల్డర్‌లోకి పోండి’ అంటివే,
యా ఫోల్డరప్పా?”

జవాబు నోటిదాకా వచ్చింది.
నాలుక కరుచుకున్నాను.
నేను పక్కన లేని అర్ధరాత్రి
బాతుబొమ్మ మనిషి ఎవర్ని అడగాలి?
‘ఆ’ అన్న ఒక్క అక్షరం వెనక
నా గది, నా బల్ల, మూడేళ్ల నా అలవాటు
నక్కి కూచున్నాయి.

ఇంకా ఏడు చోట్ల ఆగింది ఆమె.
ఏడూ దిద్దాను.
ఎనిమిదోది నీ తప్పేనక్కా అన్నాను,
టీ చల్లారేలోపు అదీ నాదేనని తేలింది.

పుష్ చేసేసరికి రాత్రి పదిన్నర.
కింద రాశాను:
పరీక్షించినవారు మాబుజాన్, జిరాక్స్ అంగడి, గేటు పక్కన.

పొద్దున పోయేసరికి
గురవాచారి పాత రశీదు పుస్తకాలు ముందేసుకుని
పొల్లుతో ముగిసే పేర్లు ఏరుతున్నాడు.
నజీర్. ఖాదర్. ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్.
ముప్పై, ముప్పై, ముప్పై, విడివిడిగా,
ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక రాతిపెచ్చు.
సమాధిరాళ్ల పుస్తకం దగ్గరకొచ్చి
“పోయినోళ్ల దుడ్లు ఎవురికియ్యాల?” అని అడిగి
నా జవాబు కోసం చూడకుండా
ఇంకో పేజీ తిప్పాడు.