గుప్పెడు కల్లుప్పు

తొమ్మిది నెలలు సముద్రం మీదున్నాను.
బాణసవాడిలో, మూడో అంతస్తులో
తాళం తీసేసరికి
నా సముద్రం జానెడు తగ్గి ఉంది.

వాసన ముందొచ్చింది.
ఎండుచేపల సంత వాసన కాదు,
ఓడ అడుగున బిల్జ్ నీళ్ళు మురిగితే వచ్చేదే.
ఆ వాసనకు జీతం తీసుకునేవాణ్ణి,
ముక్కు మూసుకోలేదు.

గాజు అంచు మీద ఉప్పు
తెల్లగా పొక్కులు కట్టి గోడ దాకా పాకింది.
పంపు గురగురమని, ఆగి,
ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ గురగురమంటోంది.
ఊదారంగు రాళ్ళకు పచ్చటి జుట్టు మొలిచింది.
నారింజ చేపలు రెండూ లేవు.
లేవంటే, ముల్లు కూడా లేదు.

అంబవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.
రాయచూరు తెలుగు, సగం కన్నడ.
"గీత తగ్గినప్పుడల్లా నీళ్ళు పోసినా సామీ.
ఒక దినం మీనులు వాడిపోయి కనిపించినాయి.
ఉప్పునీళ్ళవి కదా, ఉప్పు చాల్లేదేమోనని
గుప్పెడు కల్లుప్పు ఏసినా."
ఒక్క గుప్పెడేనా?
"శుక్రవారం శుక్రవారం."

కోపం నాలుక చివరిదాకా వచ్చింది.
ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదని
ఇంజన్ రూము పాఠం మొదలుపెట్టబోయాను.
"మరి సముద్రంలో ఎవరు కొలిచి ఏసినారు?"
ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.
అంబవ్వ సముద్రం చూడలేదు.

మీనుల్ని కరివేపాకు కుండీలో పూడ్చిందట.
బాల్కనీలో ఆ మొక్క నా నడుం దాటింది.

ఒక చుక్క గాజుపలక మీద వేసి
కిటికీ వెలుగుకు పట్టి చూశాను.
ముప్పై అయిదుండాలి. నలభై ఏడు.
ఒక్కపెట్టున దించితే మిగిలినవీ పోతాయి.
రోజుకు ఒకటి. తొందరపడ్డా ఒకటిన్నర.

మిగిలినవి అంటున్నాను గానీ
ఏం మిగిలిందో నాకేం తెలుసు!
పాత టూత్ బ్రష్‌తో రాళ్ళు తోముతున్నాను,
మూడో రాయి కింద ఒక గుల్ల నడిచింది.
సన్యాసి పీత.
చచ్చిన నత్త ఇల్లు ఖాళీగా ఉంటే దూరిపోయింది,
పది నెలల అడ్వాన్సు అడగని ఇల్లు
ఈ ఊరు మొత్తానికి అదొక్కటే.
నన్ను చూసి, ఇంటివాడే అనుకుందో ఏమో,
తలుపు మూసుకుంది.

డబ్బాలో దాచిన సముద్రపుప్పు రాయైపోయింది.
అంబవ్వ పచ్చడిబండ ఇచ్చింది.
మూడు వేల అడుగుల ఎత్తున, రాత్రి పదింటికి,
ఆర్వో నీళ్ళ బకెట్లో గరిటె తిప్పుతూ కూచున్నాను.
ఓడ మీద ఇంతకన్నా పెద్ద పని
ఇంత భయంతో ఎప్పుడూ చెయ్యలేదు.

అయిదో రోజు, వద్దనేలోపే
తొట్టిలో వేలు ముంచి నాలుక్కి తాకించింది.
"ఇంకా కటువే ఉంది సామీ."
చూశాను. నలభై రెండు.

పీత ఒక మీసం బయటపెట్టింది.
రేపు శుక్రవారం.
ఎందుకైనా మంచిదని
కల్లుప్పు డబ్బా అటక మీదికెక్కించాను,
ఆమె చూస్తుండగానే.