మొదటి ధార

మాజా సీసాలో తెచ్చింది జరీనా బీ,
మూత తీస్తే ఇంకా మామిడి వాసన.
"ఇది పనికిరాదమ్మా" అన్నాను.
"మూడుసార్లు కడిగానండీ" అంది, చిన్నబోయి.
కడగడమంటే మా దగ్గర వేరు.
నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నానాలి,
లవణాలన్నీ తీసేసిన నీళ్ళలో ఐదు మునకలు వేయాలి,
అయినా సరే, సీసాని నమ్మకూడదు.

తెల్ల సీసాలు రెండిచ్చి చెప్పాను:
రాత్రి పదింటికి కుళాయి కట్టేయండి,
తెల్లారేదాకా ఎవరూ ముట్టుకోవద్దు.
లేవగానే పడే మొదటి ధార ఒకటో సీసాకి.
రెండు నిమిషాలు వదిలేసి
తర్వాతది రెండో సీసాకి.
"వదిలేయడమా?" అంది,
వండిన అన్నం పారబోయమన్నట్టు.
మళ్ళీ తనే అంది,
"ఆ మొదటి నీళ్ళతోనే గదండీ మా ఇంట్లో చాయ్ పెట్టేది."

మార్చి నెల గుంటూరు.
మూసిన కిటికీల్లోంచి కూడా
యార్డు ఘాటు వచ్చి గొంతులో కూర్చుంటుంది.
ఏ నీళ్ళు కొలిచేముందైనా
ఏమీ లేని నీళ్ళని కొలుస్తాం.
దాని పేరు ఖాళీ.
ఆ రోజు ఖాళీలో రాగి కనపడింది.
దానియేలు గారు కళ్ళజోడు పైనుంచి చూశారు.
నేను తుమ్మిన సంగతి ఇద్దరికీ గుర్తుంది.
గ్లౌజులు మార్చాను, గొట్టాలు మార్చాను,
మళ్ళీ మొదట్నించి.
ఉందని చెప్పడానికి ఒక పూట చాలు,
లేదని చెప్పడానికి రోజు పట్టింది.

ఆర్గాన్ అంటుకుంది.
నా బొటనవేలంత మంట,
సూర్యుడి ఒంటికన్నా వేడి.
లాలాపేట ఇంటి నీళ్ళు
పొగమంచై అందులోకి వెళ్ళి
అవతలి వైపు ఎవరి బరువు వాళ్ళు చెప్పుకున్నారు.
కాడ్మియం పలకలేదు.
ఆర్సెనిక్ గొణిగింది, వినపడీ వినపడనట్టు.
రెండు వందల ఎనిమిది దగ్గర
గీత నిటారుగా లేచింది.

నూరు కోట్ల చినుకుల్లో
పది చినుకులదాకా సీసాన్ని ఒప్పుకుంటుంది రూలు.
ఒకటో సీసాలో నలభై మూడు.
నమ్మక మళ్ళీ పెట్టాను, నలభై రెండు.
మళ్ళీ పెట్టాను, నలభై మూడు.
రెండో సీసాలో రెండే రెండు.

రిపోర్టుకి పిల్లాణ్ణి తీసుకుని వచ్చింది.
వాడి రక్తం చూసిన డాక్టరమ్మే
మా దగ్గరికి పంపిందట.
రియాజ్ నా స్టూలు మీద గిరగిరా తిరుగుతున్నాడు,
ఆపమంటే ఆపడు.
"పైపుల్లో కాదమ్మా, మీ కుళాయిలో ఉంది.
పాత ఇత్తడి. సాఫీగా కోసుకోవడానికి
అందులో సీసం కలుపుతారు.
రాత్రంతా నిలవున్న నీళ్ళు దాన్ని నాకుతాయి."
"మా మామగారు పెట్టించింది" అంది.
"శుక్రవారం శుక్రవారం చింతపండేసి తోముతాను.
మెరుస్తుందండీ, చూడాలి మీరు."

కాసేపాగి అడిగింది,
"మరి ఇన్నాళ్ళూ తాగింది?"
మా రిపోర్టులో పదకొండు గడులున్నాయి.
ఆ గడి లేదు.
దానియేలు గారు లేచి వెళ్ళి
ఎవరూ అడగని ఫ్యాను వేశారు.

నాలుగు రోజుల తర్వాత
పాత పేపర్లో చుట్టి కుళాయి తెచ్చింది.
కొత్తది స్టీలుదట, రెండొందల ఎనభై.
"దీన్ని పాతసామాన్లాయన కిలో లెక్కన అడుగుతున్నాడు.
ఇస్తే మళ్ళీ ఎవరి గోడకో ఎక్కుతుంది గదా!
మీ దగ్గరుంచండి."

ఇప్పుడది నా బల్ల మీద
రిపోర్టులు ఎగిరిపోకుండా కూర్చుని ఉంది.
కొందరి కాగితాల మీద
'కనపడలేదు' అని రాసి సంతకం పెడతాను,
'లేదు' అని ఇంతవరకు ఎవరికీ రాయలేదు.
తోమేవాళ్ళు లేక కుళాయి నల్లబడింది.
పిడి మాత్రం
ఏ చెయ్యి పడి అరిగిందో అక్కడ
ఇంకా మెరుస్తోంది.