ఈ నేల సమంగా లేదు

నలభై ఒక్క ఏళ్లు మోకాళ్ల మీదే బతికాను.
దేవుడి ముందు కాదు,
కిర్‌కాడీ ఊళ్లో, పరాయివాళ్ల గదుల్లో.
నేల విడిచి సాము చేయడం నాకు రాదు.
నాకొచ్చిందల్లా నేలే:
కొలవడం, కోయడం, కప్పడం.

ఈ ఫిబ్రవరిలో ఒక కుర్రాణ్ణి నా వెంట పంపారు.
ఫిల్మోన్. ఎరిత్రియా వాడు.
చెవి వెనక పెన్సిలు,
జేబులో వానకి అంచులు ఉబ్బిన నోటుబుక్కు.

"ఇదేంటి, మిస్టర్ రెనీ?"
"మ్యాట్."
"అది?"
"రగ్."
"తేడా?"
ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఆలోచించాను.
"మ్యాట్ మీద బూట్లు తుడుస్తావు.
రగ్ మీదికి బూట్లు విప్పి వస్తావు."
రాసుకున్నాడు.

"గోడ నుంచి గోడ దాకా పాకితే కార్పెట్.
దాని కింద, ఎవరి కంటా పడకుండా
బరువంతా మోసేది అండర్‌లే."
"అంటే నేను," అన్నాడు
రోల్ వెనక కొసని భుజానికెత్తుకుంటూ.

లినోలియం దగ్గరికొచ్చేసరికి నా గొంతే మారింది.
ఒకప్పుడు రైలు దిగకముందే ఈ ఊరు తెలిసిపోయేది.
మా నాన్న చొక్కాకి, మా రొట్టెకి,
చర్చిలో పాటల పుస్తకానికి
ఒకటే అవిసె నూనె వాసన.
ఏదీ ఆ వాసన అంటే
చూపించడానికి ఇప్పుడు మాటొక్కటే మిగిలింది.

డస్ట్ షీట్ అంటే
దుమ్ముకి చలేస్తుందా అన్నాడు.

బ్లాంకెట్ దగ్గర పెన్సిలు ఆగింది.
"ఇది తెలుసు. బంగారు రంగుది.
కదిలితే చప్పుడు చేస్తుంది. ఓడ మీద ఇచ్చారు."
టార్పాలిన్ కూడా తెలుసట.
స్పెల్లింగు అడగలేదు.
నేనూ ఇంకేం అడగలేదు.
కత్తికి కొత్త బ్లేడు వేసుకున్నాను.

ఆ రోజు మిసెస్ పెట్రీ ముందుగది.
కార్పెట్ ఎత్తితే ఇంకో కార్పెట్.
దాని కింద లినో, చెక్కలా కనిపించే డిజైన్.
దాని కింద
అసలు చెక్క.
ఒక మూల చాప కింద నీరు,
సామెత కాదు, నిజం నీరే,
మూడు పలకల్ని చప్పుడు లేకుండా తినేసింది.

గోడల వెంట మూరెడు వెడల్పున నల్ల వార్నిష్.
మధ్యలో రంగే తగలని పెద్ద చతురస్రం.
"డబ్బా అయిపోయిందా?"
"కాదు. అక్కడ రగ్ ఉండేది.
కనిపించినంత మేరకే రంగు కొనగలిగేవాళ్లు."
టీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మిసెస్ పెట్రీ
"అదా," అంది,
"మా అత్తగారు ఆ రగ్ నన్ను దులపనిచ్చేది కాదు."

ఆ ఉత్త చెక్క మీద పెన్సిలు రాత:
ఈ నేల సమంగా లేదు. తప్పు నాది కాదు.
జె. ఎమ్., 1961.

కూలబడి నవ్వాను, మోకాళ్లు మొర్రోమంటున్నా.
లెవెల్ పెట్టి చూశాం.
బుడగ ఇప్పటికీ కిటికీ వైపే పారిపోతోంది.

"కప్పితే కవర్. విప్పితే?"
"డిస్కవర్."
"మళ్లీ కప్పితే?"
"రికవర్," అనేశాక గుర్తొచ్చింది,
జబ్బు నుంచి కోలుకోవడాన్నీ అలాగే అంటామని.
చెప్పాను.
రెండింటికీ ఒకే మాటేంటి అన్నాడు.
"ఇంగ్లీషుని అడుగు," అన్నాను.

పుచ్చిన పలకలు మార్చాం.
అండర్‌లే పరిచే ముందు
జె. ఎమ్. కింద "ఇంకా లేదు" అని రాసి
పెన్సిలు వాడికిచ్చాను.
తన లిపిలో ఒక వరస రాశాడు,
చేతులెత్తి నిలబడ్డ బుల్లి మనుషుల్లాంటి అక్షరాలు.
ఏం రాశావని అడగలేదు.
ఇంకో అరవై ఏళ్లకి ఎవడో
మోకాళ్ల మీద వంగి అడుగుతాడు.

రోల్ ఆ కొస వాడు పట్టుకున్నాడు,
ఈ కొస నేను.