ఫ్యాటు రాసే పుస్తకం

తెల్లారి అయిదున్నరకు పాలకేంద్రం షట్టరెత్తితే
క్యాన్ల కంటే ముందు మాటలొచ్చి కూర్చున్నాయి.
బంగారుపాళ్యం దారిలో, చెరుకుతోట కాలవగట్టు మీద
నక్క చచ్చి పడుందంట.
తోక లేదంట.
నక్క తోక తొక్కినోడికి అదృష్టమంటారే,
కోసుకుపోయినోడికి ఏమొస్తాదో
ఎవురూ చెప్పలా.

దొరసామి బకెట్టు కింద పెట్టకుండానే మొదలుపెట్టినాడు:
"పీడ పొయ్యింది. పోయిన నెల్లో రెండు గొర్రెపిల్లలు,
మొన్న అమాసనాడు ఇంకోటి.
బొడ్డు ఆరని పిల్లబ్బా, గొంతు దగ్గిర ఇంత బొక్క.
కుక్కల్ని తోలుకోని, వలలేసి,
మిగిలినయ్యి గూడా తీసేద్దాం రండి."
పిల్లోళ్లు నలుగురు అప్పుడే సెల్లుల్లో
ఆదివారం ఏ తేదీనో చూస్తా ఉండారు.
వాళ్లకు గొర్రెల్లేవు.
పరిగెత్తేదాని వెనకాల
పరిగెత్తాలని ఉండాది, అంతే.

వరసలో మూడోది కుప్పమ్మ.
"నాలుగేండ్ల కిందట తీసేసినారు గదా ఇట్లనే.
ఆ యేడు ఎలకలు నా చెరుకు మొదలంటా కొరికితే
గానుగకు పిప్పి తోలినా.
బెల్లం పొయ్యి సగం దినాలే మండింది.
దొడ్డికి తడిక కట్టుకోలేనోడివి
అడివిని తిడితే ఎట్లా?"
"నువ్వు కడతావా తడిక?"
"కడతా. కూలిస్తావా?"

బీటాఫీసరు యుగంధరు టీ గ్లాసు తిప్పతా అన్నాడు:
"చంపితే కేసు. కరెంటు తీగైనా, నాటుబాంబైనా, వలైనా.
పంట పోయినా, జీవం పోయినా అర్జీ పెట్టుకోండి.
చంపేదానికి గూడా ఒక పద్ధతుంటాది."
"ఏం పద్ధతి సార్?"
"నొప్పి తెలీకుండా."

ఒకప్పుడు ఉచ్చులు పెట్టిన మనిషి చెంగల్రాయులు తాత,
ఎప్పుడూ మాట్లాడనోడు,
ఆకువక్క ఉమ్మి వచ్చి నిలబడినాడు.
"ఉచ్చులో పడితే అది అరవదు నాయనా.
తెల్లారి మనం పొయ్యేదాకా
దాని కాలు అదే కొరుక్కుంటా ఉంటాది.
నొప్పి తెలీకుండా అంటే
ఎవురికి తెలీకుండా?"

నేనేమీ అనలా.
నా పని పాలు కలిపేది, గొట్టంలో పోసేది, అంకె రాసేది.
దొరసామి, మూడున్నర.
కుప్పమ్మ, మూడు పాయింటు ఎనిమిది.

పది కోళ్లల్లో ఏడు పొయినాక
ఎనిమిదోదాన్ని కోసి, పేగుల్లో గుళికలు కలిపి
దొడ్డెనక పెట్టింది నేను.
చేతికి కవరు కట్టుకున్నా.
ఫ్యాటు చూసే యాసిడ్ పట్టుకునేటప్పుడు గూడా
అంత జాగర్త పడను.
తెల్లారి చూస్తే పేగుల్లేవు.
సంతోషమే అయ్యింది. దాచేదేముంది.

నాలుగో దినం రెండు కాకులు.
ఆ సాయంత్రం కుప్పమ్మ కుక్క, చెవి తెగిందే, బొగ్గు,
కేంద్రం మెట్ల మీద
పాలు కడిగిన నీళ్లను నాకి నాకి
అట్లనే ఒరిగిపోయింది.
"పామేమో" అనింది కుప్పమ్మ.
"పామే" అన్నా.

ఆదివారం వలలు పొయినాయి.
ఒక ముంగిస, రెండు చెవులపిల్లులు.
నక్క లేదు.
తడిక మాత్రం కట్టినారు,
దొరసామి సగం కూలే ఇచ్చినాడని
కుప్పమ్మ ఊరంతా చెప్పింది.
రాత్రిళ్లు చెరుకుతోట నుంచి ఊళ లేదు.
నా దాణా మూటలో మాత్రం ఏదో
కరకరమంటా ఉండాది.

ఆ వారమంతా కుప్పమ్మ పాలకు
మూడు పాయింట్లు ఎక్కువ రాసినా.
నాలుగు ఒకటి. నాలుగు ఒకటి. నాలుగు ఒకటి.
బొగ్గుకు నేను కట్టిన వెల అది.
నక్కది ఏ ఖాతాలో రాయాలో
ఈ పుస్తకంలో గడి లేదు.

శనివారం చీటీ చేతిలో తిప్పి చూసుకోని
"మా ఆవు ఏం తినిందో ఈ వారం" అని నవ్వింది కుప్పమ్మ.
పెన్నుకు మూత పెట్టి
మళ్లీ తీసినా.
తరవాత ఎవురు, బకెట్టు ముందుకు జరపండి.